గుట్టకు పోయే బస్సు, మళ్లొచ్చే బస్సు

తెలంగాణ రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థ మేనేజింగ్ డైరెక్టర్ గారికి,



ఒక చిన్న కోరికతో ఈ లేఖ రాస్తున్నాను. ఆదివారాలు, సెలవు రోజుల్లో వికారాబాద్ జిల్లా గుట్టల వైపు పొద్దున్నే ఒక బస్సు, సాయంత్రం తిరిగి తెచ్చే ఒక బస్సు నడిపించండి. వాటి వేళలు ముందుగానే అందరికీ తెలిసేలా రాయించండి. గుట్ట ఎక్కి, అడవి బాటన నడిచి, చీకటి పడకముందే ఇల్లు చేరాలనుకునే వాళ్లు మా వైపు చాలామంది ఉన్నారు. వాళ్లకు కార్లు లేవు. అందరి ఇళ్లలో బైకులూ లేవు. వాళ్లు నమ్ముకున్నది మీ పల్లెవెలుగు బస్సునే. దీనికి డిపోలో ఒక అర్జీ ఇస్తే సరిపోదా అని మీరనవచ్చు. అర్జీలో రూటు, వేళ, ఊరి పేరు రాయగలం గానీ, ఎందుకు అడుగుతున్నామో చెప్పుకోలేం. నాకు ఆ సంగతే ముఖ్యం. పైగా ఇది మీరు చదివితే చాలదు, మా జిల్లా వాళ్లూ హైదరాబాదు వాళ్లూ కూడా చదవాలి.

నేను బషీరాబాద్ మండలంలో పాఠాలు చెప్పుకునే పంతుల్ని. మా మండలం రాష్ట్రానికి పడమటి అంచు. ఇక్కడి నుంచి ఇంకొంచెం ముందుకు పోతే కర్ణాటక. 1956 దాకా తాండూరు, కొడంగల్ తాలూకాలు గుల్బర్గా జిల్లాలోనివే. రాష్ట్రాల పునర్విభజన చట్టంతో ఇటు వచ్చాయి. మా ఇళ్లలో తెలుగు మాట్లాడుకుంటూనే కన్నడంలో చుట్టరికాలు కలుపుకుంటాం. మా రైల్వే స్టేషన్ పేరు నవాంద్గి. 1874లో సికింద్రాబాద్ నుంచి వాడికి వేసిన నిజాం కాలపు రైలు దారి మీద ఉంది. రైలు మాకు మేలు చేసింది, కాదనను. అయితే రైలు పట్టాల మీద పోతుంది, గుట్ట మీదికి పోదు. గుట్ట మీదికి పోయేది బస్సే.

మావి హిమాలయాలు కావని నాకు తెలుసు. మంచు లేదు, శిఖరాల పేర్లు ప్రపంచానికి తెలియవు. కానీ నడవడానికి, చూడడానికి, నేర్చుకోవడానికి ఇంత సరుకున్న గుట్టలు ఒక రోజులో పోయి వచ్చే దూరంలో ఉండడం మామూలు భాగ్యం కాదు. తాండూరులో బస్సెక్కి అనంతగిరి గుట్ట దాకా పోయే దారిని ఒకసారి మీతో కలిసి చూడాలని ఉంది.

తాండూరు దాటుతుంటే రోడ్డుకు అటూ ఇటూ బండల పాలిషింగ్ యూనిట్లు. నీలం, పసుపు, బూడిద రంగు నాపరాళ్లు నిలబెట్టి ఉంటాయి. పాలిష్ నుంచి వచ్చిన తెల్లటి బురద ఎండి, గాలి వీస్తే పొడిలా లేస్తుంది. తెలంగాణలో ఎన్నో ఇళ్లలో కాళ్ల కింద ఉన్నది ఈ రాయే. ఒకప్పుడు ఇక్కడ సముద్రం ఉండేది; దాని అడుగున పొర మీద పొరగా పేరుకున్న సున్నపు బురదే ఈ రాయి. అందుకే గునపం మొన పెడితే పలకలు పలకలుగా విడిపోతుంది. ఆ తర్వాత కంది చేలు. తాండూరు కందిపప్పుకు 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ రుచికి కారణం ఈ నల్లరేగడీ దాని కింది సున్నపురాయీ అని మా రైతులు ఎప్పటినుంచో చెబుతున్నారు. ధారూర్ దాటాక నేల రంగు మారుతుంది. నల్లమట్టి పోయి ఎర్ర మొరం వస్తుంది. కెరెల్లి దాటాక బస్సు గేరు మార్చుకుని ఘాట్ ఎక్కుతుంది. టేకు, మోదుగ, తునికి చెట్లు కిటికీలోకి వంగుతాయి. వానకాలం పోయే రోజుల్లో అయితే రోడ్డు పక్కన ఆడవాళ్లు గంపల్లో సీతాఫలాలు పెట్టుకుని కూర్చుంటారు.

హైదరాబాదు నుంచి వచ్చేవాళ్లకు ఈ ప్రయాణం ఇంకా పెద్ద పాఠం. నగరంలో కనిపించే గ్రానైటు గుండ్లు దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటివి. చేవెళ్ల వైపు వచ్చేసరికి నేల నల్లబడుతుంది, అది 6.6 కోట్ల ఏళ్ల కిందట దక్కనంతా పారిన లావా గట్టిపడి, మళ్లీ అరిగి మట్టిగా మారినది. వికారాబాద్‌లో ఆ లావా రాయి మీద ఎర్రటి మొరం టోపీ. తాండూరులో సముద్రపు సున్నపురాయి. ఒక్క బస్సు టికెట్టు మీద ఇంత భూగర్భ చరిత్ర చూపించే రూటు మీ సంస్థలో ఇంకెక్కడుందో నాకు తెలియదు.

అనంతగిరిలో దిగాక పిల్లలతో నేను మొదట చేయించేది ఒక పని. మొరం రాయి మీద సీసాలోని నీళ్లు పోయమంటాను. రాయి నిండా సన్నటి రంధ్రాలు. నీళ్లు పక్కకు జారవు, చూస్తుండగానే లోపలికి ఇంకిపోతాయి. రాయి రంగు ఒక్క క్షణం ముదిరి, మళ్లీ మామూలవుతుంది. "నీళ్లు ఎటు పోయినయ్ సార్?" అని ఎవరో ఒకరు అడుగుతారు. అప్పుడు గుట్ట వాలు వెంట కిందికి తీసుకుపోతాను. పైన మొరం తాగిన వాన, కింద గట్టి నల్లరాయి తగలగానే ఇక దిగలేక పక్కకు ఊరుతుంది. గుట్ట అడుగున బుగ్గలు పుట్టేది అట్లాగే. బుగ్గ రామేశ్వరం గుడి దగ్గర ఏడాది పొడుగునా నీళ్లు కనిపించడానికి, మూసీ ఇక్కడ పుట్టడానికి అదే మూలం. పుస్తకంలో అర పేజీ ఉండే ఈ సంగతిని పిల్లలు అక్కడ చేత్తో ముట్టుకుని తెలుసుకుంటారు.

ఈ గుట్ట నీళ్లను రెండుగా పంచుతుంది. తూర్పు వాలు మీద పడ్డ వాన మూసీ అవుతుంది. 1908 సెప్టెంబరు వరదల తర్వాత కట్టిన ఉస్మాన్‌సాగర్‌లో ఆగి, హైదరాబాదు గొంతు తడిపి, నగరం మధ్యగా పారి, నల్లగొండ జిల్లా వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. పడమటి వాలు మీద పడ్డ వాన కాగ్నా నదిలో చేరుతుంది. తాండూరు పక్క నుంచి, మా మండలం గుండా కర్ణాటకలోకి పోయి, రాష్ట్రకూటుల రాజధానిగా ఉన్న మల్ఖేడ్ కోటను ఒరుసుకుని భీమాలో కలుస్తుంది. భీమా కృష్ణలో కలుస్తుంది. ఆ నీళ్లు జూరాల, శ్రీశైలం, నాగార్జునసాగర్ అన్నీ దాటి వాడపల్లికి చేరతాయి. ఒకే గుట్ట మీద విడిపోయిన చినుకులు అంత దూరం తిరిగి వాడపల్లిలో మళ్లీ కలుసుకుంటాయి. మూసీని బాగుచేయడం గురించి రాజధానిలో ఇన్ని మాటలు వింటున్నాం. ఆ నగరపు పిల్లల్లో మూసీ పుట్టిన చోటుకు వచ్చి నిలబడినవాళ్లు ఎందరుంటారు? వాళ్లను ఇక్కడికి తేగలిగింది మీరే.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. వానలు పడ్డాయంటే ఆదివారాలు అనంతగిరి ఘాట్ మీద కార్లు బారులు తీరతాయి. రోడ్డు అంచు దాకా, కొన్నిచోట్ల చెట్ల మధ్యకూ బండ్లు ఎక్కిస్తారు. కారులో వచ్చినవాళ్ల మీద నాకు కోపం లేదు. వాళ్లకు ఇంకో దారి చూపించలేదు గదా. కానీ గుట్టల్లో నడవడం అన్నది మెల్లగా కారున్న వాళ్ల వ్యవహారంగా, లేదా డబ్బు కట్టి వ్యానులో వచ్చే వాళ్ల వ్యవహారంగా మారిపోతోంది. గుట్ట నీడలో పుట్టి పెరిగిన పిల్లలకు మాత్రం అది దూరమైపోతోంది. మా బడిలో చదివే పిల్లల్లో అనంతగిరిని బస్సు కిటికీలోంచి చూసినవాళ్లు చాలామంది. దిగి నడిచినవాళ్లు బహు తక్కువ.

పైగా నడకకు కారు మంచి తోడు కాదు. కారు ఎక్కడ నిలిపితే నడిచినవాడు మళ్లీ అక్కడికే రావాలి. కట్టుగొయ్యకు కట్టిన దూడలా ఆ చుట్టే తిరుగుతుంటాడు. బస్సులో వచ్చినవాడికి ఆ కట్టు లేదు. కొండ మీద ఒక స్టేజీలో దిగి, బాట పట్టి, అవతలి వైపు ఇంకో స్టేజీలో ఎక్కవచ్చు. ఒక చోట మొదలై మరో చోట ముగిసే నడకే అసలైన నడక. దారి పొడుగునా ప్రతి మలుపూ కొత్తదే. బస్సు లేకపోతే అట్లాంటి నడక సాధ్యం కాదు.

ఈ సంగతి తెలుగువాళ్లకు ఎప్పటినుంచో తెలుసు. తిరుపతిలో బస్సెక్కి అలిపిరిలో దిగి, 3,550 మెట్లు నడిచి ఏడు కొండలెక్కి, దర్శనం చేసుకుని, తిరుమల నుంచి బస్సులో కిందికి దిగుతాం. 1944లో మొదటి ఘాట్ రోడ్డు వచ్చాక కూడా మెట్ల దారి పాడుబడలేదు. ఎక్కేటప్పుడు కాళ్లు, దిగేటప్పుడు బస్సు అన్న పద్ధతి మన తాతల నాటి నుంచి నిలబడి ఉంది. నల్లమలలో సలేశ్వరం జాతర చైత్ర పౌర్ణమికి జరుగుతుంది. లోయలోకి రాళ్ల మీదుగా దిగి, మళ్లీ ఎక్కి వచ్చే కష్టమైన నడక అది. ముసలివాళ్లు, చంటిపిల్లల తల్లులు కూడా దిగుతారు. దానికి మీరు ప్రత్యేక బస్సులు నడుపుతారు. అంతెందుకు, పౌర్ణమి వస్తే మీ సంస్థే తిరువణ్ణామలైకి ప్రత్యేక బస్సులు వేస్తోంది. ఆ జనం అంత దూరం పోయేది ఎందుకు? ఒక గుట్ట చుట్టూ 14 కిలోమీటర్లు కాలినడకన తిరగడానికి. ఇంకో రాష్ట్రంలోని గుట్ట చుట్టూ నడవడానికి బస్సు వేయగలిగిన సంస్థ, మా జిల్లాలోని గుట్ట మీద నడవడానికి బస్సు వేయలేకపోదు. భక్తితో నడిచేవాడికీ ఇష్టంతో నడిచేవాడికీ బస్సులో సీటు ఒకటే.

విదేశాల్లో దీన్ని ఎప్పుడో పట్టుకున్నారు. ఇంగ్లండులో ఆల్ఫ్రెడ్ వెయిన్‌రైట్ అనే ఆయన కెండల్ పట్టణంలో మునిసిపాలిటీ ఖజానా లెక్కలు చూసే ఉద్యోగి. కారు నడపడం రాదు. సెలవు దొరికితే బస్సెక్కి లేక్ డిస్ట్రిక్ట్ కొండలకు పోయి, నడిచి, సాయంత్రం బస్సుకు తిరిగొచ్చేవాడు. అట్లా నడిచి 1955 నుంచి 1966 మధ్య ఏడు పుస్తకాలు వేశాడు. 214 కొండల దారులు, తన చేత్తో గీసిన బొమ్మలతో సహా. ఈనాటికీ అక్కడ నడిచేవాళ్లకు అవే దిక్సూచి. హాంకాంగ్‌లో కిక్కిరిసిన నగరంలో 9వ నంబరు బస్సెక్కితే డ్రాగన్స్ బ్యాక్ అనే కొండ బాట మొదట్లో దించుతుంది. డ్రాగన్ వీపు మీద నడిచినట్టు కొండ అంచున నడిచి, అవతల సముద్రం ఒడ్డున దిగి, ఇంకో బస్సులో ఇంటికి పోతారు. ఆ నగరంలో సగటు మనిషికి కారు లేదు, కొండ మాత్రం ఉంది. మనకూ అంతే.

ఇక ఆడపిల్లల మాట. 2023 డిసెంబరు 9న బస్సుల్లో ఆడవాళ్లకు ఉచిత ప్రయాణమిచ్చే మహాలక్ష్మి పథకం మొదలైంది. ఆ రోజు నుంచి మా ఊళ్లలో ఆడవాళ్ల కదలిక కళ్లెదుట మారింది. తాండూరు ఆసుపత్రికి, కాలేజీకి, పుట్టింటికి ఎవరినీ చార్జీ అడగకుండా పోతున్నారు. జీరో టికెట్టు వాళ్ల చేతికి ఒక స్వేచ్ఛనిచ్చింది. ఆ స్వేచ్ఛ గుట్ట దాకా ఎందుకు పోకూడదు? మగపిల్లలు ఎవరి బైకు మీదో ముగ్గురెక్కి పోయి చూసి వస్తారు. ఆడపిల్లలకు ఆ వీలు లేదు. బడి నుంచి నడకకు తీసుకుపోతానని చెప్పినప్పుడు వాళ్ల అమ్మలు గుట్ట ఎంత ఎత్తని అడగరు, పాములుంటాయా అని కూడా అడగరు. "మళ్లొచ్చే బస్సు ఎన్నింటికి సార్?" అని అడుగుతారు. ఆ ప్రశ్నకు నేను గట్టిగా, గడియారం చూసి చెప్పినట్టు జవాబు చెప్పగలిగితే పిల్లను పంపుతారు. "ఏదో ఒకటి దొరుకుతుందిలే అమ్మా" అంటే పంపరు. పంపకపోవడం వాళ్ల తప్పు కాదు. చీకటి పడ్డాక అడవి రోడ్డు మీద ఆడపిల్ల బస్సు కోసం నిలబడాలని ఏ తల్లి కోరుకుంటుంది?

కాబట్టి మేనేజింగ్ డైరెక్టర్ గారూ, నా కోరికలో పొద్దున బస్సు కంటే సాయంత్రం బస్సు పెద్దది. పొద్దున బస్సు ఆలస్యమైతే నడక తగ్గించుకుంటాం. సాయంత్రం బస్సు రాకపోతే మరుసటి వారం ఒక్కరూ రారు.

ఆడపిల్లలకు గుట్టలెందుకని ఎవరైనా అనవచ్చు. 2014 మే 25న పదమూడేళ్ల మాలావత్ పూర్ణ ఎవరెస్టు ఎక్కింది. సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుకున్న గిరిజన బిడ్డ. ఆమె, ఆమెతో పాటు ఎక్కిన ఆనంద్‌కుమార్ తొలి పాఠాలు నేర్చింది భువనగిరి బండ మీద. ఆ బండ హైదరాబాదు నుంచి మీ బస్సులో పోయి దిగే దూరంలోనే ఉంది. ఆ పిల్లల గొప్పతనం వాళ్లదే, వాళ్లకు నేర్పిన గురువులదే. ఆ కథలో నాకు పట్టుకున్నది మాత్రం ఇది: అంత పెద్ద ప్రయాణానికి మొదటి మెట్టు మన బస్సు స్టేజీ పక్కనే ఉంది. మా మండలం తండాల్లో అట్లాంటి కాళ్లున్న పిల్లలు ఎందరో ఉన్నారు. వాళ్లందరూ ఎవరెస్టు ఎక్కాలని నేననను. అనంతగిరి ఎక్కితే చాలు.

ఇప్పుడు ఏం చేయాలో చెబుతాను. కొత్త బస్సులు కొనమని అడగడం లేదు. మిగతా రోజుల్లో బడి పిల్లలను తీసుకుపోయే బస్సులకు ఆదివారం ఆ రద్దీ ఉండదు. ఆ బండ్లలో ఒకదాన్ని బషీరాబాద్ నుంచి తాండూరు, ధారూర్ మీదుగా అనంతగిరికి తెల్లవారగానే కదిలించండి. వికారాబాద్ స్టేషన్‌లో రైలు దిగిన హైదరాబాదు వాళ్లకు అందేలా అటు నుంచి ఇంకొకటి. సాయంత్రం రెండు వైపులా తిరుగు ట్రిప్పు, దాన్ని ఏ కారణం చేతనైనా రద్దు చేయవద్దని డిపోకు రాతపూర్వకంగా చెప్పండి. బాట మొదలయ్యే చోట, ముగిసే చోట స్టేజీ పెట్టి, కండక్టరు టికెట్ మిషన్‌లో ఆ పేరు ఎక్కించండి. పేరు మిషన్‌లోకి ఎక్కితేనే బస్సు అక్కడ ఆగుతుంది. పల్లెటూరి ప్రయాణికులకు ఇది బాగా తెలిసిన విషయం. తాండూరు, వికారాబాద్, పరిగి బస్టాండ్లలో పెద్ద అక్షరాల బోర్డు రాయించండి. 2023లో తెచ్చిన గమ్యం యాప్‌లోనూ ఈ ట్రిప్పులు కనిపించాలి. కానీ బోర్డు తప్పనిసరి. గుట్ట మీద సిగ్నల్ దొరకదు.

ఇది మీ ఒక్క సంస్థతో అయ్యే పని కాదు, ఆ సంగతి నాకు తెలుసు. రిజర్వు ఫారెస్టులోకి అనుమతి లేకుండా పోవడం 1967 నాటి అటవీ చట్టం ప్రకారం నేరం. ఎవరినీ చట్టం తప్పించి నడిపించాలని నా ఉద్దేశం కాదు. అటవీ శాఖతో కూర్చుని ఏ బాటల్లో నడవవచ్చో, ఏ నెలల్లో మూసి ఉంచాలో తేల్చండి. ఎండాకాలంలో అడవి అగ్గిపెట్టెలా ఉంటుంది, అప్పుడు మూసేయడమే మంచిది. ప్రతి బాట మొదట్లో ఎంత దూరం, ఎంతసేపు, నీళ్లు ఎక్కడ, తిరుగు బస్సు ఎన్నింటికి అన్నవి నాపరాయి మీద చెక్కించి నిలబెట్టవచ్చు. రేకు బోర్డులు తుప్పు పడతాయి. చెక్కే రాయికీ చెక్కే చేతికీ తాండూరులో కొరత లేదు.

ఆలస్యం చేయవద్దనడానికి కారణం ఉంది. పూడూరు మండలంలోని దామగుండం అడవిలో 2,900 ఎకరాలు నౌకాదళం సమాచార ప్రసార కేంద్రానికి ఇచ్చారు. 2024 అక్టోబరు 15న దానికి శంకుస్థాపన జరిగింది. దేశ రక్షణకు దాని అవసరం గురించి నాకంటే తెలిసినవాళ్లు మాట్లాడారు, అడవి కోసం పోరాడినవాళ్లూ మాట్లాడారు. ఆ వాదన ఇక్కడ తిరగదోడను. నడిచేవాడిగా ఒక్క మాట: ఎందరో కాలినడకన తిరిగిన ఒక పెద్ద అడవి ఇక అందరిదీ కాదు. జనం నడవని బాటలు ముందుగా పోతాయి, ఎందుకంటే అవి పోయాయని అడిగేవాళ్లు ఉండరు. మిగిలిన వాటి మీద జనం నడుస్తూ ఉండాలి.

మా బషీరాబాద్ వైపు కూడా చూడండి. మైల్వార్, నీళ్లపల్లి దిక్కున అడవి ఉంది. అది సరిహద్దు దాటితే కర్ణాటకలో 2011లో ప్రకటించిన చించోలి వన్యప్రాణి అభయారణ్యం ఉంది, దాదాపు 135 చదరపు కిలోమీటర్లు. అటు వైపు ఊళ్లలోనూ తెలుగు వినిపిస్తుంది. అడవికి రాష్ట్రాల గీత తెలియదు, బస్సుకు మాత్రం తెలుసు. మా ఆడవాళ్ల జీరో టికెట్టు సరిహద్దు దాకానే చెల్లుతుంది. అది సరే, అవతలికి టికెట్టు కొనుక్కుంటారు. కానీ తాండూరు నుంచి చించోలి వైపు పోయే మన బస్సూ, అటు నుంచి వచ్చే కల్యాణ కర్ణాటక బస్సూ వేళలు కలుపుకుంటే రెండు రాష్ట్రాల నడక ఒకే రోజులో పూర్తవుతుంది. రెండు సంస్థల అధికారులు ఒక గంట కూర్చుంటే తేలే పని.

చివరగా, చెప్పడానికి మనసు రాకపోయినా చెప్పవలసినది. 2025 నవంబరు 3 ఉదయం చేవెళ్ల దగ్గర మీర్జాగూడలో కంకర టిప్పర్ ఢీకొని మా తాండూరు డిపో బస్సులో ఎందరో ప్రాణాలు పోయాయి. కాలేజీకి పోతున్న ఆడపిల్లలు ఉన్నారు అందులో. ఆ తర్వాత కొన్నాళ్లు మా ఊళ్లలో బస్సెక్కేటప్పుడు ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్ల ఆ రోడ్డు వెడల్పు పని త్వరగా పూర్తి చేయించాలి, దాని పక్కన దాదాపు తొమ్మిది వందల మర్రిచెట్లను కాపాడుకుంటూనే పూర్తి చేయించాలి. రోడ్డు మీ శాఖ కాకపోవచ్చు. ఆ రోడ్డు మీద పోయే ప్రాణాలు మాత్రం మీ ప్రయాణికులవి, మీ డ్రైవర్లవి, మీ కండక్టర్లవి. మీరు అడిగితే ఉండే బరువు మేం అడిగితే ఉండదు. గుట్టల బస్సు వేళలు వేసేటప్పుడు కూడా డ్రైవరు మీద తొందర పెట్టని టైము ఇవ్వండి. ఘాట్ మీద పది నిమిషాలు ఎక్కువ పట్టినా మాకు అభ్యంతరం లేదు.

1932లో నిజాం ప్రభుత్వం 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో మొదలుపెట్టిన సంస్థ ఇది. బండి బాట కూడా సరిగా లేని ఊళ్లకు బస్సు పోవడం అప్పుడు కొత్త. లాభం చూసి మాత్రమే నడిపి ఉంటే మా బషీరాబాద్‌కు ఎన్నడూ బస్సు వచ్చేది కాదు. మనిషి ఆసుపత్రికి, సంతకు, కచేరీకి పోవాలని బస్సు వేశారు. మనిషి గుట్ట మీదికి పోయి నాలుగు గంటలు నడిచి, ఊపిరితిత్తుల నిండా గాలి పీల్చుకుని రావడం కూడా అవసరాల్లోనే లెక్క. అనంతగిరి గాలి మంచిదనే గదా క్షయ రోగుల ఆసుపత్రిని ఆ గుట్ట మీద కట్టారు. రోగం వచ్చాక ఎక్కిన గుట్టను రోగం రాకముందు ఎక్కనివ్వండి.

వచ్చే జూన్‌లో బడులు తెరుస్తారు, వానలు మొదలవుతాయి. అప్పటికి ఒక్క ఆదివారం, ఒక్క రూటు మీద మొదలుపెట్టి ఆ వానకాలం అంతా నడిపి చూడండి. మొదటి వారం సీట్లు ఖాళీగా కనిపించాయని ఆపేయకండి. మాట ఊరూరా పాకడానికి కొన్ని వారాలు పడుతుంది. పిల్లల్ని, వాళ్ల అమ్మానాన్నల్ని బస్సు దాకా తీసుకొచ్చే పూచీ మా బడిపంతుళ్లది. తాండూరు బస్టాండ్ బోర్డు మీద మళ్లొచ్చే బస్సు వేళ రాయించే పూచీ మీరు తీసుకోండి.

ఇట్లు,
మీ ప్రయాణికుడు,
బషీరాబాద్, వికారాబాద్ జిల్లా